మెనూ తీసేస్తే తాళం పడ్డట్టేనా?

"సార్, నా స్క్రీన్‌లో ఆ మెనూ రావట్లేదండీ."

పెద్ద కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ సపోర్టు చూసేవాళ్లకు ఈ మాట వినకుండా పొద్దు గడవదు. పక్క సీటు మేడమ్‌కి వస్తోంది, నాకే రావట్లేదు. నిన్న సాయంత్రం దాకా ఉంది, పొద్దున వచ్చి చూస్తే లేదు. ఫిర్యాదు ఎన్ని రకాలుగా వచ్చినా జవాబు మాత్రం ఒకటే: "ఎస్‌యూ53 కొట్టి స్క్రీన్‌షాట్ పంపండి." సాప్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ వాడే ఆఫీసుల్లో ఇదొక తారకమంత్రం. సిస్టమ్ మిమ్మల్ని చివరిసారి ఎక్కడ ఆపిందో, ఏ అనుమతి లేదని ఆపిందో ఆ తెర చెబుతుంది. (దాన్ని తయారుచేసే, 1972లో జర్మనీలో పుట్టిన కంపెనీ తన పేరును ఎస్, ఏ, పీ అని విడివిడిగా పలకమంటుంది. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. మనకది సాపే.)

ఆ ఫిర్యాదులో ఒక నమ్మకం దాగి ఉంది. మెనూ కనిపిస్తే పని చేసుకోవచ్చు, కనిపించకపోతే చేయలేం అని. ఉద్యోగులే కాదు, సాఫ్ట్‌వేర్ కొనే యజమానులూ అలాగే అనుకుంటారు. "స్టోర్స్ వాళ్లకి జీతాల మెనూ తీసెయ్యండి" అని ఒక మాట చెప్పేసి, జీతాల వివరాలు భద్రమైపోయాయని నిశ్చింతగా ఉంటారు. ఆసుపత్రి వరండాలో 'ఎక్స్‌రే గది ఇటు' అని బాణం గుర్తుతో బోర్డు పెడతారు కదా, మెనూ అలాంటిది. బోర్డు పీకేసినంత మాత్రాన గది ఎక్కడికీ పోదు. ఆ గదికి తాళం ఉందా, ఉంటే చెవి ఎవరి దగ్గరుంది అన్నది వేరే సంగతి. ఈ వ్యాసమంతా ఆ వేరే సంగతి గురించే.

ముందు చిన్న లెక్క. ఒక ఫ్యాక్టరీలో 500 మంది సిస్టమ్ వాడతారనుకుందాం. వాళ్లందరూ వాడే తెరలూ రిపోర్టులూ కలిపి 300 అనుకుందాం. ఎవరికి ఏది ఉండాలో పట్టిక గీస్తే 1,50,000 గళ్లు వస్తాయి. బట్లర్ ల్యాంప్సన్ అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త 1971లో అనుమతుల వ్యవహారాన్ని సరిగ్గా ఇలాంటి పట్టికగానే వివరించాడు. అడ్డు వరసల్లో అడిగేవాళ్లు, నిలువు వరసల్లో అడిగే వస్తువులు, రెండూ కలిసే గడిలో హక్కు. ఆలోచించడానికి ఇంతకన్నా శుభ్రమైన బొమ్మ లేదు. నింపాల్సివచ్చినప్పుడే కష్టం. కొత్తగా ఒక గుమాస్తా చేరితే 300 గళ్లు, బదిలీ అయితే మళ్లీ 300. ఎవరో విసిగిపోయి "పాత గుమాస్తాకి ఏముందో అదే కాపీ కొట్టెయ్" అంటారు. తప్పులు అక్కడే మొదలవుతాయి.

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసే డేవిడ్ ఫెర్రయోలో, రిచర్డ్ కూన్ 1992లో ఒక పత్రం సమర్పించారు. మనిషికీ అనుమతికీ మధ్య 'రోల్' అనే మెట్టు పెట్టాలన్నది అందులోని మాట. అనుమతులు రోల్‌కి ఇవ్వాలి, మనిషికి రోల్ ఇవ్వాలి, మనిషికి నేరుగా ఏదీ ఇవ్వకూడదు. మన ఫ్యాక్టరీలో 25 రోల్స్ ఉండి, ఒక్కోదానిలో 30 తెరలు ఉంటే 750 నమోదులు. 500 మందికి తలా రెండు రోల్స్ చొప్పున ఇంకో 1,000. మొత్తం 1,750. లక్షన్నర గళ్లు ఎక్కడ, ఇదెక్కడ! నిజానికి రోల్‌ని వీళ్లు కొత్తగా పుట్టించలేదు. వ్యాపార సాఫ్ట్‌వేర్‌లో అప్పటికే ఎవరికి తోచినట్టు వాళ్లు వాడుకుంటున్న అలవాటుకు ఒక గణిత రూపం ఇచ్చారు. బొంబాయి ఐఐటీలో బీటెక్, ఢిల్లీ ఐఐటీలో ఎంటెక్ చదివి అమెరికాలో స్థిరపడిన రవి సంధు 1996లో తన సహచరులతో కలిసి దాన్ని మరింత విస్తరించాడు. 2004కల్లా అది అమెరికా జాతీయ ప్రమాణం అయింది.

పదవిని బట్టే పని, హక్కు అన్న ఈ ఆలోచన తెలుగు పల్లెలకు కొత్తదేం కాదు. శిస్తు వసూలు చేసేది మునసబు, లెక్క రాసేది కరణం. డబ్బు పట్టుకునే చేతికి కలం లేదు, కలం పట్టుకునే చేతికి డబ్బు లేదు. ఇద్దరూ కలిసిపోతే రైతు పని అయిపోయేదన్నది నిజమే, ఆ కథలు ఊరూరా ఉన్నాయి. కానీ ఏర్పాటు వెనక ఉన్న బుద్ధి మాత్రం పదునైనది. దానిలో పెద్ద లోపం ఇంకొకటి. ఆ పదవులు ఆచారంలో కుటుంబాల్లోనే తిరిగేవి. కరణీకం అన్నది కుర్చీకి కాకుండా ఇంటికి అంటుకుపోయింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ పదవుల్నే ఎత్తేసింది. కంప్యూటర్ భాషలో చెప్పుకుంటే, అనుమతిని రోల్‌కి బదులు మనిషికి కట్టేస్తే వచ్చే రోగం అది.

ఇక తాళం దగ్గరికి వద్దాం. సాప్‌లో రోల్ తయారుచేసే తెర పేరు పీఎఫ్‌సీజీ. దాన్ని తెరిస్తే పైన కొన్ని ట్యాబ్‌లు ఉంటాయి. వాటిలో 'మెనూ' ఒకటి, 'ఆథరైజేషన్స్' మరొకటి. విషయమంతా ఈ రెండూ వేర్వేరుగా ఉండటంలోనే ఉంది. మెనూ ట్యాబ్‌లో మీరు పెట్టేవి యూజర్‌కి చెట్టు కొమ్మల్లా ఎడమవైపు కనిపించే పేర్లు. ఆథరైజేషన్స్‌లో పెట్టేవి అసలు హక్కులు: ఏ కంపెనీ కోడ్‌కి, ఏ ప్లాంట్‌కి, ఏ పని. పనికి కూడా అంకెలున్నాయి. 01 అంటే కొత్తది సృష్టించడం, 02 అంటే మార్చడం, 03 అంటే చూడటం మాత్రమే. మెనూలో ఒక తెర చేర్చగానే దానికి మామూలుగా కావాల్సిన హక్కుల జాబితాను సిస్టమే తెచ్చి రెండో ట్యాబ్‌లో పెడుతుంది. ఇది సౌకర్యమే. కాకపోతే రెండూ ఒకటే అన్న భ్రమ పుట్టేది కూడా ఇక్కడే. మెనూలోంచి తెర తీసేసినా, ఎవరో ఎప్పుడో అవసరానికి చేత్తో విడిగా చేర్చిన హక్కులు అక్కడే కూర్చుని ఉంటాయి.

యూజర్ ఒక తెర తెరవబోతే ఏం జరుగుతుంది? ఆ తెరకు ఒక ట్రాన్సాక్షన్ కోడ్ ఉంటుంది. సరఫరాదారు బిల్లు నమోదుకు ఎఫ్‌బీ60, కొనుగోలు ఆర్డరుకు ఎంఈ21ఎన్, ఇలాగ. మెనూ మీద నొక్కినా, పైన ఉన్న గడిలో కోడ్ టైపు చేసినా సిస్టమ్‌కి ఒకటే. మొదట వాకిట్లో 'ఈ కోడ్ మొదలుపెట్టే హక్కు ఉందా' అని అడుగుతుంది. ఎవరో సోమరితనంతో ఆ హక్కును ఎఫ్ అక్షరం పక్కన నక్షత్రం గుర్తు పెట్టి ఇచ్చేశారనుకోండి, ఎఫ్‌తో మొదలయ్యే కోడ్‌లన్నీ తెరుచుకుంటాయి, మెనూలో ఒక్కటీ లేకపోయినా సరే. వాకిలి దాటాక గది గదికీ మళ్లీ తనిఖీ ఉంటుంది, ఈ కంపెనీ కోడ్‌లో బిల్లు సృష్టించే హక్కు ఉందా అని. ఈ లోపలి తనిఖీ దానంతటది జరగదు. ప్రోగ్రాం రాసినవాడు అక్కడ ఆ వాక్యం రాసి ఉండాలి. కంపెనీ తన అవసరానికి విడిగా రాయించుకునే వాటిని 'జెడ్ ప్రోగ్రాములు' అంటారు. గడువు మీదపడి హడావిడిగా రాసిన జెడ్ ప్రోగ్రాముల్లో ఆ వాక్యం మరిచిపోవడం మామూలే. అప్పుడు ఇంటికి వాకిలి తలుపుంటుంది, గదులకు తలుపులుండవు.

అన్నిటికన్నా పెద్ద దొడ్డిదారి ఎస్‌ఈ16. డేటాబేస్‌లోని ఏ పట్టికనైనా నేరుగా తెరిచి చూపించే తెర అది. సాంకేతిక సిబ్బందికి రోజూ కావాలి, అందుకని ఎవరికో ఒకరికి ఇస్తారు. ఉద్యోగుల మూలవేతనం పీఏ0008 అనే పట్టికలో ఉంటుంది. జీతాల మెనూ మొత్తం దాచేసి, ఎస్‌ఈ16 ఇచ్చి, ఏ పట్టికలు చూడొచ్చు అన్నచోట నక్షత్రం పెడితే, మేనేజింగ్ డైరెక్టర్ జీతం కూడా వరసలో వచ్చి నిలబడుతుంది. ముందు గుమ్మానికి గోద్రెజ్ తాళం వేసి పెరటి గొళ్లెం మరిచిపోయిన సంసారం అన్నమాట. అందుకే ఈ పని బాగా తెలిసినవాళ్లు మెనూ గురించి తక్కువ మాట్లాడతారు, నక్షత్రాల గురించి ఎక్కువ అడుగుతారు.

ఇది సాప్ ఒక్కదాని గొడవ కాదు. బ్రౌజర్‌లో నడిచే ఏ వ్యాపార సాఫ్ట్‌వేర్‌లోనైనా ఇంతే. 'తొలగించు' అనే బటన్‌ను తెరమీద దాచేసి పని అయిపోయిందనుకునే డెవలపర్లు కోకొల్లలు. బ్రౌజర్ నుంచి సర్వర్‌కి వెళ్లే అభ్యర్థనను బటన్ లేకుండానే పంపవచ్చు. బిల్లు తెరిచినప్పుడు పైన అడ్రసులో 1047 అని కనిపిస్తే దాన్ని 1048 చేసి చూడటానికి హ్యాకరే కానక్కర్లేదు, కుతూహలం ఉన్న ఇంటర్ కుర్రాడు చాలు. వెబ్ భద్రతా లోపాల జాబితా ప్రచురించే ఓవాస్ప్ అనే సంస్థ 2017లో అనుమతుల తనిఖీ లోపాన్ని ఐదో స్థానంలో పెట్టింది. 2021 జాబితాకి వచ్చేసరికి అది మొదటి స్థానానికి ఎక్కింది. సాల్ట్జర్, ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే ఒక సూత్రం రాసిపెట్టారు: ప్రతి వస్తువును తాకబోయిన ప్రతిసారీ హక్కు తనిఖీ జరగాలి, ఒకసారి చూశాం కదా అని వదిలెయ్యకూడదు. దాదాపు యాభై ఏళ్లు గడిచినా జాబితాలో మొదటి తప్పు అదే.

అయితే మెనూ వల్ల ప్రయోజనమే లేదా? ఉంది. స్టోర్స్‌లో లోడు దించుకునే మనిషికి నాలుగు పేర్లే కనిపిస్తే పని తొందరగా తెములుతుంది, పొరపాటున మరొకటి నొక్కడు, నేర్పించడానికి ఒక పూట చాలు. మెనూ కంటికి చేసే మర్యాద. ఆ మర్యాదను కాపలా అనుకోవడమే చిక్కు.

తాళాలు సరిగ్గా పడ్డాయే అనుకుందాం. అప్పుడు అసలు ప్రశ్న వస్తుంది. ఒక్కో తలుపూ ఒక్కో మనిషికి తెరవొచ్చు, తప్పు లేదు. ఏ రెండు తలుపులు ఒకే మనిషికి తెరవకూడదు? కొత్త సరఫరాదారును సృష్టించడం ఒక పని, ఆ సరఫరాదారుకు డబ్బు చెల్లించడం మరో పని. రెండూ ఒకరికే ఉంటే, లేని కంపెనీని పుట్టించి దానికి చెల్లింపు పంపొచ్చు. విడివిడిగా చూస్తే రెండూ సాధారణమైన మెనూలే, కలిస్తేనే ప్రమాదం. క్లార్క్, విల్సన్ అనే ఇద్దరు 1987లో ఈ తేడాను గట్టిగా చెప్పారు. సైన్యానికి కావాల్సింది రహస్యం బయటికి పోకుండా ఉండటం, వ్యాపారానికి కావాల్సింది లెక్క తప్పకుండా ఉండటం. అందుకే వ్యాపారంలో పనిని ఇద్దరికి పంచాలి. మన బ్యాంకుల్లో స్ట్రాంగ్‌రూమ్‌కి రెండు తాళంచెవులు, ఇద్దరు అధికారుల దగ్గర ఉంటాయి. అదే ఇది.

ఇది పాటించకపోతే ఎంత నష్టమో 1995లో బేరింగ్స్ బ్యాంకు చూపించింది. సింగపూర్‌లో దాని వ్యాపారి నిక్ లీసన్ చేతిలోనే కొనుగోళ్లూ, ఆ కొనుగోళ్ల లెక్క సరిచూసే విభాగమూ ఉండేవి. నష్టాల్ని 88888 అనే ఖాతాలో దాచుకుంటూ పోయాడు. తేలిన నష్టం 82.7 కోట్ల పౌండ్లు. 1762లో పుట్టిన బ్యాంకు చివరికి ఒక్క పౌండుకు అమ్ముడుపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగులకు ఈ పంపకం అనుభవమే, పేరు తెలియకపోయినా. 2018 ఏప్రిల్ నుంచి ట్రెజరీ వ్యవహారమంతా సీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారింది. దాని అడుగున ఉన్నది సాపే. అందులో బిల్లు పెట్టాలంటే మేకర్, చెకర్, సబ్‌మిటర్ అని మూడు అంచెలు. ఒకరు తయారుచేస్తారు, ఒకరు సరిచూస్తారు, ఒకరు ట్రెజరీకి పంపుతారు. ఏ అంచెలో ఉన్నవాళ్లకు ఆ అంచె పనే కనిపిస్తుంది. ఎంఈవో ఆఫీసుల్లో, హైస్కూళ్లలో గుమాస్తాలు ఈ మూడు మాటల్నీ ఇప్పుడు ఇంటిపేర్లలా వాడేస్తున్నారు. ఆఫీసులో ఉన్నదే ఇద్దరయితే మూడో సంతకం ఎవరిది అన్నది మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తీర్చే చిక్కు కాదు.

తెలుగువాళ్లం మరిచిపోలేని ఇంకో కథ ఉంది. అది ఈ వ్యాసం విషయాన్ని తలకిందులు చేసి చూపిస్తుంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. లాభాలు పెంచి చూపించారని అందరికీ తెలుసు. ఎలా చూపించారన్నది అంతగా తెలియదు. సీబీఐ దర్యాప్తు చెప్పిన ప్రకారం, మామూలుగా సత్యంలో బిల్లు పుట్టాలంటే ప్రాజెక్టులో పనిగంటల నమోదు దగ్గర మొదలై అనేక అంచెలు దాటి ఇన్వాయిస్ వ్యవస్థలోకి రావాలి. కానీ ఆ వ్యవస్థలోకే నేరుగా బిల్లు ఎక్కించే అడ్డదారి ఒకటి ఉంది. దానితోపాటు 'సూపర్ యూజర్' అనే లాగిన్ ఉంది. ఆ లాగిన్‌తో ఏ బిల్లునైనా కనిపించేలాగానో, కనిపించకుండానో చెయ్యొచ్చు. కొన్నిటికి ఎస్, కొన్నిటికి హెచ్ అని గుర్తు. హెచ్ పెట్టిన బిల్లులు ప్రాజెక్టులు నడిపే విభాగాల వాళ్ల తెరమీద కనిపించవు, అమ్మకాల లెక్కలో మాత్రం చేరతాయి. అలా దాచిన నకిలీ బిల్లులు 7,561, వాటి విలువ సుమారు 5,117 కోట్ల రూపాయలు అని సీబీఐ లెక్క తేల్చింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా నిర్ధారించింది. తీర్పు మీద వాళ్లు అప్పీలుకు వెళ్లారు.

ఆ హెచ్ అక్షరం నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది. ఎవరికి ఏది కనిపించాలో నిర్ణయించే ఏర్పాటును మనం దొంగల మీద కాపలా అనుకుంటాం. ఇక్కడ అదే దొంగతనానికి తెర అయింది. ఆ బిల్లులు చూస్తే "ఈ కస్టమర్‌కి మనం ఈ పని చెయ్యలేదే" అని చెప్పగలిగినవాళ్లు విభాగాల్లో ఉన్నవాళ్లే. సరిగ్గా వాళ్ల కళ్లకే గంతలు కట్టారు. కాబట్టి 'ఎక్కువ చూస్తున్నది ఎవరు' అని అడగడం సగం పనే. 'చూడాల్సినవాళ్లకు కనిపించనిది ఏమైనా ఉందా' అని కూడా అడగాలి. ఆ మాట ఆడిటర్ల ప్రశ్నాపత్రంలో మొదటి పేజీలోనే ఉండాలని నా అభిప్రాయం.

చిన్న వ్యాపారాల్లో ఇదంతా ఇంత పెద్దగా ఉండదు. విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్టు నడిపే ఆయన ట్యాలీలో 'ఓనర్', 'డేటా ఎంట్రీ' అని రెండు స్థాయిలు పెట్టుకుని, గుమాస్తా వెనక తేదీలతో వోచర్లు రాయకుండా ఒక తేదీ గీత గీస్తే చాలావరకు సరిపోతుంది. కంపెనీలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి మరో నిబంధన వచ్చింది. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్దు ఎప్పుడు మారిందో దానంతటదే నమోదు కావాలి, ఆ నమోదును ఎవరూ ఆపెయ్యగలిగేలా ఉండకూడదు. ఓనర్ కూడా ఆపలేకపోవడమే అందులో కొత్త.

పెద్ద సంస్థల్లో మరో జబ్బు ఉంది, రోల్స్ పుట్టలు పుట్టలుగా పెరిగిపోవడం. పన్నెండు రకాల ఉద్యోగాలు, తెలంగాణలోని 33 జిల్లాలు, ఏ జిల్లావాళ్లు ఆ జిల్లాదే చూడాలి అంటే 396 రోల్స్. దానిలో తాత్కాలిక సిబ్బంది వేరు అన్నారంటే వెంటనే రెట్టింపు. సాప్‌లో దీనికి తల్లి రోల్, పిల్ల రోల్ అనే పద్ధతి ఉంది. మెనూ, హక్కులు తల్లి దగ్గర ఒక్కసారి మారిస్తే పిల్లలకు పంపవచ్చు. పిల్లకు సొంతంగా ఉండేది ఏ ప్లాంట్, ఏ కంపెనీ కోడ్ అన్నది మాత్రమే. అలాంటి పద్ధతి వాడని చోట కొన్నేళ్లకు మనుషులకన్నా రోల్సే ఎక్కువవుతాయి. అప్పుడు రోల్ అన్న మెట్టు పెట్టుకున్న ప్రయోజనమే పోయినట్టు.

అన్నిటికన్నా నెమ్మదిగా, చప్పుడు లేకుండా పాకే జబ్బు ఇంకొకటి. దీనికి మన నాటకాల్లోని 'వేషం' అన్న మాట రోల్‌కన్నా బాగా అతుకుతుంది. వేషం కట్టినప్పుడు కిరీటం ఇస్తారు, వేషం విప్పాక కిరీటం పెట్టెలో పెట్టి వెళ్లాలి. ఆఫీసుల్లో కిరీటాలు ఇంటికి వెళ్లిపోతాయి. స్టోర్స్‌లో చేరిన కుర్రాడు మూడేళ్లకు కొనుగోళ్లకు మారతాడు. కొనుగోళ్ల రోల్ ఇస్తారు, స్టోర్స్ రోల్ తియ్యరు, "కొన్నాళ్లు అటు కూడా సాయం చెయ్యాలి కదా" అని. ఇంకో నాలుగేళ్లకు అకౌంట్స్. ఇప్పుడు అతను ఆర్డరు వెయ్యగలడు, సరుకు వచ్చిందని రాయగలడు, బిల్లు పాస్ చెయ్యగలడు. ఎవరూ కుట్ర చెయ్యలేదు. మూడు మంచి నిర్ణయాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి, అంతే. పైగా మెనూ వెనక్కి తీసుకున్నా తెలివి వెనక్కి తీసుకోలేం. 2008లో సొసైటీ జెనరాల్ బ్యాంకుకు 490 కోట్ల యూరోల నష్టం తెచ్చిన జెరోమ్ కెర్వియెల్ వ్యాపారి కాకముందు అదే బ్యాంకులో లావాదేవీలు సరిచూసే వైపు పనిచేశాడు. తనిఖీ ఎప్పుడొస్తుందో, ఏం చూస్తుందో అతనికి కరతలామలకం.

దీనికి మందుగా కంపెనీలు ఏడాదికోసారి సమీక్ష పెడతాయి. ప్రతి మేనేజరుకీ ఒక ఎక్సెల్ షీటు వస్తుంది. మీ కింద ఉన్న ఇరవై మందికి ఉన్న రోల్స్ ఇవి, ఉంచాలా తియ్యాలా చెప్పండి అని. రోల్ పేర్లు చూస్తే బ్రహ్మలిపి, జెడ్‌తో మొదలై అంకెలతో ముగుస్తాయి. తీసేస్తే ఏ పని ఆగిపోతుందో, ఎవరు వచ్చి నిలదీస్తారో తెలియదు. నెలాఖరు మీద ఉంది. మొదటి గడిలో 'ఉంచండి' అని టైపు చేసి, మూల పట్టుకుని కిందిదాకా లాగేస్తారు. సాల్ట్జర్, ష్రోడర్ల జాబితాలో చివరి సూత్రం దీని గురించే. కాపలా మనిషికి మోయగలిగినట్టు ఉండాలి, లేకపోతే మనిషి దాన్ని తప్పించుకునే దారి వెతుక్కుంటాడు. సెలవు మీద వెళ్తూ బాస్ తన పాస్‌వర్డ్ గుమాస్తాకు రాసిచ్చి వెళ్లడం కూడా ఆ దారుల్లో ఒకటి. అప్పుడు రోల్స్, మెనూలు, మూడు అంచెల సంతకాలు, అన్నీ ఒకే మనిషి వేళ్ల కిందికి వచ్చేస్తాయి.

పద్ధతిగా నడిచే చోట ఉద్యోగికి కాక, ఆ సీటుకే రోల్ కడతారు. బదిలీ ఉత్తర్వు నమోదైన రోజే పాత సీటు హక్కులు ఊడిపోతాయి, కొత్త సీటువి వస్తాయి. అలా కట్టనిచోట సంగతి సపోర్టు వాళ్ల ఫోన్ల రికార్డు చూస్తే అర్థమవుతుంది. కొత్త సీటు మెనూ రాలేదని బదిలీ అయిన మొదటి రోజు పదిన్నరకే ఫోన్ వస్తుంది. పాత సీటు మెనూ ఇంకా పోలేదండీ అని ఫోన్ చేసినవాళ్లు ఎవరూ నాకు ఇంతవరకు తగల్లేదు.